ఈ గేమ్ మా పిల్లాడు ఆడొచ్చా? కాల్చుకునే, కొట్టుకునే గేమ్‌ల గురించి అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైస్కూల్లో పాఠాలు చెప్తాను. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక, లేచి వెళ్లబోతూ గొంతు తగ్గించి చాలామంది అడిగే మాట ఒకటుంది: "టీచర్ గారూ, మావాడు పొద్దస్తమానం ఫోన్‌లో ఎవరో ఒకరిని కాలుస్తూనే ఉంటాడు, ఏం కాదు కదా?" మా ఇంట్లోనూ ఇద్దరున్నారు, 15 ఏళ్ల అమ్మాయి, 11 ఏళ్ల అబ్బాయి. అందుకే ఈ ప్రశ్న నాకూ సొంతమే. ఇన్నేళ్లలో విన్న ప్రశ్నలు, నేను చదివి, ఆడి, పిల్లల పక్కన కూర్చుని తెలుసుకున్న జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

మావాడికి 10 ఏళ్లు. క్లాసులో అందరూ ఫ్రీ ఫైర్ ఆడుతున్నారంటాడు. ఆడనివ్వొచ్చా?

10 ఏళ్లకి వద్దనే నేను చెప్తాను. ఆ గేమ్‌లో కాల్పులు ఒక ఎత్తు, మైక్‌లో వినిపించే ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు, ప్రతి మ్యాచ్ అయ్యాక కొనమని ఊరించే డైమండ్లు (గేమ్ లోపల చెల్లే నాణేలు) ఇంకో ఎత్తు. ఆ రెండో ఎత్తుని తట్టుకునే వయసు 10 కాదు.

"అందరూ" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. మా క్లాసులో ఒకసారి ఊరికే చేతులెత్తమన్నాను, సగం కూడా లేవలేదు. కానీ ఆడని పిల్లలు ఆ మాటల్లో కలవలేక పక్కన కూర్చుంటారు, మీవాడికి బాధ కలిగేది అక్కడే. కాబట్టి "వద్దు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సరిపోదు, వాళ్లతో కలిసి మాట్లాడుకోవడానికి వాడికి ఇంకేదో ఇవ్వాలి. దిమ్మెలు పేర్చి ఇళ్లు, కోటలు కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ గేమ్ కావచ్చు, సాయంత్రం గల్లీలో క్రికెట్ కావచ్చు, స్నేహితుల్ని ఆదివారం మీ ఇంటికే పిలవడం కావచ్చు.

ప్లే స్టోర్‌లో 12+, 16+ అని ఉంటుంది కదా. అది ఎవరు వేస్తారు? నమ్మొచ్చా?

మన దేశంలో ప్లే స్టోర్ తెరిస్తే గేమ్ పేరు కింద 3+, 7+, 12+, 16+, 18+ లలో ఏదో ఒకటి కనిపిస్తుంది. గేమ్ తయారుచేసినవాళ్లు ఒక ప్రశ్నావళి నింపుతారు. రక్తం చూపిస్తారా, కొట్టేది మనుషుల్నా రాక్షసుల్నా, బూతులున్నాయా, జూదం ఉందా, ఇలాంటివి. వాళ్లిచ్చిన జవాబుల్ని బట్టి ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ పద్ధతిలో ఆ అంకె వస్తుంది. అంటే సినిమాకి సెన్సార్ బోర్డువాళ్లు కూర్చుని చూసి సర్టిఫికెట్ ఇచ్చినట్టు మన దగ్గర ఒక బోర్డు ప్రతి గేమ్‌నీ ఆడి చూసి ఇచ్చింది కాదు. సినిమాకైతే ఇప్పుడు యూఏ లోనే 7+, 13+, 16+ అని విడదీసి ఇస్తున్నారు, గేమ్‌లకి అంత వివరం మన దేశం నుంచి ఇంకా రాలేదు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఈఎస్ఆర్‌బీ అనే రేటింగ్ బోర్డు ముద్ర కనిపిస్తుంది. 1993లో మోర్టల్ కాంబాట్ లాంటి గేమ్‌ల మీద అక్కడి సెనెట్‌లో విచారణ జరిగాక, 1994లో గేమ్ కంపెనీలే కలిసి దాన్ని పెట్టుకున్నాయి. దాని మీద ఇంగ్లిష్ అక్షరం ఉంటుంది: ఈ (E) అంటే అందరికీ, టీ (T) అంటే 13 దాటినవాళ్లకి, ఎం (M) అంటే 17 దాటినవాళ్లకి. యూరప్‌లో 2003 నుంచి పెగీ అనే రేటింగ్ ఉంది, అక్కడ 3, 7, 12, 16, 18 అని అంకెలే. మన ఊళ్లో కూడా ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ డిస్క్ కొంటే డబ్బా మీద మూలకి ఈ రెండిట్లో ఏదో ఒకటి ఉంటుంది, వెనక వైపు తిప్పితే ఆ అంకె ఎందుకు వచ్చిందో కూడా రాసి ఉంటుంది. ఐఫోన్‌లో యాపిల్ లెక్క వేరు.

నమ్మొచ్చా అంటే, గడప దాటొద్దని చెప్పడానికి నమ్మొచ్చు. 18+ అని ఉంటే అది 12 ఏళ్ల పిల్లలకి కాదు, అక్కడ ఇంక చర్చ లేదు. కానీ 12+ ఉంది కాబట్టి 12 నిండిన ప్రతి పిల్లాడికీ పరవాలేదని అనుకోవద్దు. ఆ అంకె గేమ్‌లో కంపెనీ పెట్టినదాన్ని మాత్రమే కొలుస్తుంది, ఆడేటప్పుడు అవతలివాళ్లు మైక్‌లో ఏం మాట్లాడతారో కొలవదు. ఈఎస్ఆర్‌బీ అయితే ఆన్‌లైన్‌లో ఆటగాళ్ల మధ్య జరిగేదానికి మా రేటింగ్ వర్తించదని తానే రాస్తుంది.

అంకె చూశాను. ఇంకేం చూడాలి? హింస అంటే రక్తం కారడమేనా?

అందరూ ముందు రక్తం కోసమే చూస్తారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. తర్వాత తెలిసింది, రక్తం తీసేయడం కంపెనీకి చాలా సులువు. బీజీఎంఐ (పబ్‌జీ మొబైల్‌కి మన దేశంలో పెట్టిన కొత్త పేరు) 2021లో వచ్చినప్పుడు రక్తాన్ని ఎరుపు నుంచి ఆకుపచ్చకి మార్చారు, "చంపడం" అన్న మాట తీసేసి "ఫినిష్" అని పెట్టారు. ఆట మాత్రం అదే ఆట. ఫోర్ట్‌నైట్‌లో అయితే ఓడినవాడు రక్తం చుక్క లేకుండా మాయమైపోతాడు, దానికి పెగీ 12 ఇచ్చింది. తేడా లేదని నేననను, చిన్నపిల్లలకి కళ్లముందు కనిపించే దృశ్యమే కలలోకి వస్తుంది. కానీ రంగు ఒక్కటే చూసి లేచి వెళ్లిపోకండి.

నేను చూసేవి ఇవి. మొదట, కొట్టేది ఎవరిని? మైన్‌క్రాఫ్ట్‌లో రాత్రిపూట జాంబీలు, క్రీపర్లు వస్తే కత్తితో కొడతారు, చూడ్డానికి అట్టపెట్టెల్లా ఉంటాయి, ఆరేడేళ్ల పిల్లాడికి కూడా అది బొమ్మ అని తెలుసు. బీజీఎంఐలో కాల్చేది మనిషి ఆకారాన్ని, దాన్ని నడిపిస్తున్నది ఎక్కడో కూర్చున్న ఇంకో నిజం మనిషి. జీటీఏ 5లో అయితే రోడ్డున పోయేవాళ్లని, ఏ పాపం తెలియనివాళ్లని కూడా కారుతో గుద్దొచ్చు, కాల్చొచ్చు.

తర్వాత, కొట్టాక ఏమవుతుంది? ఎదుటివాడు కిందపడి గిలగిలా కొట్టుకుంటుంటే చూపిస్తారా, అతను బతిమాలుకుంటాడా, లేక ఆట ముందుకి సాగిపోతుందా? బాధని దగ్గరగా, నెమ్మదిగా చూపించే గేమ్ చిన్నవాళ్లకి అసలు వద్దు. జీటీఏ 5 కథలో ఒక మనిషిని చిత్రహింస పెట్టే ఘట్టం ఉంది, చిత్రహింస పెట్టేది ఆడుతున్నవాడి చేతే. సినిమాలో విలన్ చేస్తే మనం చూస్తాం, ఇక్కడ బటన్ నొక్కేది మన పిల్లాడు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: గేమ్ దేనికి మెచ్చుకుంటోంది? కొన్నిట్లో దాక్కుని, ఆలోచించి, తోటివాళ్లని కాపాడితే గెలుస్తారు. కొన్నిట్లో ఎంత క్రూరంగా చేస్తే అన్ని పాయింట్లు. రెండిట్లోనూ తుపాకీ ఉంటుంది, కానీ రెండూ పిల్లాడికి నేర్పేది ఒకటి కాదు. ఇది ప్లే స్టోర్‌లో ఏ అంకె కిందా దొరకదు, పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

ఇక మిగిలినవి హింసకి సంబంధించినవి కావు గానీ ఇళ్లలో గొడవలు ఎక్కువగా వాటివల్లే వస్తున్నాయి: ఎదురుగా నిజం మనుషులు ఉన్నారా, వాళ్లతో మాట్లాడొచ్చా, డబ్బు అడుగుతుందా, ఆట మధ్యలో ఆపడానికి వీలుందా. వీటి గురించి కింద విడిగా రాస్తాను.

నాకు ఆ గేమ్‌లు ఆడటం రాదు. ఇంటిపని, ఆఫీసు పని మధ్య అంత టైమ్ కూడా లేదు. ఎలా?

ఒక్క గంట చాలండి. పిల్లాడిని పిలిచి "నాకు నేర్పు" అనండి. మావాడు నాకు నేర్పిన రోజు వాడి ముఖంలో చూసిన వెలుగు నేను మర్చిపోలేను, అప్పటిదాకా ప్రతిదీ నేనే వాడికి నేర్పేదాన్ని మరి. నేను దిగిన రెండు నిమిషాల్లో ఎవరో కాల్చేశారు, అయినా ఆ గంటలో తెలుసుకున్నది ఏ వ్యాసం చదివినా తెలిసేది కాదు. మైక్ ఎప్పుడు ఆన్‌లో ఉంటుందో, ఓడిపోతే వాడి చేతులు ఎలా బిగుసుకుంటాయో, షాప్ గుర్తు ఎన్నిసార్లు మెరుస్తుందో అన్నీ కనిపించాయి.

అదీ కుదరకపోతే యూట్యూబ్‌లో ఆ గేమ్ పేరు కొట్టి, ఎవరైనా ఆడుతూ పెట్టిన వీడియో ఓ పావుగంట చూడండి. కంపెనీ వదిలిన ట్రైలర్ చూడొద్దు, అది సినిమా ట్రైలర్ లాంటిదే, అసలు ఆట దాంట్లో ఉండదు. తెలుగులో ఆడుతూ మాట్లాడేవాళ్లు కూడా చాలామందే ఉన్నారు. వాళ్ల భాష కూడా ఓ చెవిన వేసుకోండి, ఎందుకంటే మీ పిల్లాడు ఆడే టైమ్ కంటే వాళ్లని చూసే టైమే ఎక్కువ ఉండొచ్చు.

ఇలాంటి గేమ్‌లు ఆడితే పిల్లలు నిజంగా హింసకి దిగుతారా?

దీని మీద పెద్దవాళ్ల మధ్యే చాలా ఏళ్లుగా వాదన నడుస్తోంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2015లో, అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చూసి, ఈ గేమ్‌లకీ దూకుడు పెరగడానికీ సంబంధం ఉందని, నేరాలకి దారితీస్తాయని చెప్పడానికి మాత్రం చాలినంత ఆధారం లేదని చెప్పింది. 2020 మార్చిలో ఇంకోసారి పరిశీలించి, ఆ సంబంధం చిన్నదని, అదీ అరవడం, నెట్టడం లాంటి వాటితోనేనని, ఎక్కడైనా ఘోరం జరగ్గానే గేమ్‌ల మీద నెట్టేయడం సరికాదని చెప్పింది. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 14, 15 ఏళ్ల పిల్లల్ని దాదాపు 1000 మందిని, వాళ్ల పెద్దవాళ్లని కూడా అడిగి చూస్తే ఆ సంబంధం కూడా కనిపించలేదు. 2011లో కాలిఫోర్నియావాళ్లు పిల్లలకి ఇలాంటి గేమ్‌లు అమ్మకూడదని చేసిన చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది, భావప్రకటన స్వేచ్ఛ కింద.

కాబట్టి మీవాడు తుపాకీ గేమ్ ఆడుతున్నాడని హంతకుడు అయిపోతాడేమోనని రాత్రుళ్లు నిద్ర పాడుచేసుకోవద్దు. అలాగని ఏ వయసుకైనా ఏ గేమైనా ఇచ్చేయొచ్చని ఈ పరిశోధనలు చెప్పడం లేదు. పైన చెప్పిన ఆక్స్‌ఫర్డ్ లెక్క 14, 15 ఏళ్లవాళ్లది, 8 ఏళ్లవాళ్లది కాదు. చిన్నపిల్లలు రాత్రి ఉలిక్కిపడి లేవడం, ఒంటరిగా బాత్‌రూమ్‌కి వెళ్లడానికి భయపడటం, తమ్ముడి మీద అదే ఆట ఆడి చూడటం, ఇవి నేను నా కళ్లతో చూసినవి. అవి కనిపిస్తే ఇంకే పరిశోధన కోసమూ ఎదురుచూడక్కర్లేదు, ఆ గేమ్ ఆ పిల్లకి ఇంకా తొందర అని అర్థం.

ఓడిపోతే ఫోన్ విసిరేస్తున్నాడు, చెల్లెల్ని కొడుతున్నాడు. ఇది గేమ్ వల్లేనా?

గేమ్ వల్ల కావచ్చు, ఆకలి వల్లా కావచ్చు. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. స్కూల్ నుంచి వచ్చి ఏమీ తినకుండా రెండు గంటలు ఆడిన పిల్లాడు ఓడిపోతే ఎలా ఉంటాడో, అన్నం తిని అరగంట ఆడినవాడు ఎలా ఉంటాడో ఒక వారం గమనించండి. రాత్రి 11 దాకా ఆడేవాడి కోపంలో సగం నిద్రలేమి కోపం.

తిండీ నిద్రా సరిచేశాక కూడా ఒక గేమ్ ఆడినప్పుడే కొడుతున్నాడంటే ఆ గేమ్ కొన్నాళ్లు పక్కన పెట్టించాల్సిందే. తోబుట్టువు మీద చెయ్యెత్తిన రోజు ఆట ఉండదు, ఈ ఒక్క రూలూ మా ఇంట్లో ఎవరూ మార్చలేరు.

"ఈ ఒక్క మ్యాచ్ అమ్మా" అంటాడు, ఆ ఒక్కటీ అవ్వదు. ఎలా ఆపించాలి?

ఇక్కడ పిల్లాడి మాట కూడా వినాలి. బీజీఎంఐలో ఒక మ్యాచ్‌కి 100 మంది దాకా విమానంలోంచి ఒక దీవి మీదకి దూకుతారు, ఆడేచోటు చుట్టూ గీత కుంచించుకుపోతూ ఉంటుంది, చివరికి మిగిలినవాళ్లది గెలుపు. చివరిదాకా నిలిస్తే అరగంట దాకా పడుతుంది. ఫ్రీ ఫైర్‌లో 50 మంది, మ్యాచ్ పది నిమిషాల పైన. మధ్యలో పాజ్ చేయడం అన్నది లేదు. నలుగురు స్నేహితులు ఒక స్క్వాడ్‌గా దిగి ఆడుతుంటే మీరొచ్చి ఫోన్ లాక్కున్నారనుకోండి, ముగ్గురు స్నేహితుల్ని మధ్యలో వదిలేసిన తప్పు వాడి మీద పడుతుంది. పేకాట మధ్యలో ముక్కలు పడేసి లేచిపోతే పెద్దవాళ్లే ఊరుకోరు.

అందుకని నిమిషాలతో కాకుండా మ్యాచ్‌లతో లెక్క పెట్టుకోండి. "రోజుకి రెండు మ్యాచ్‌లు, ఎనిమిది దాటితే కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు" అన్నది పిల్లలు ఒప్పుకుంటారు, ఎందుకంటే అది న్యాయంగా ఉంటుంది. "ఎనిమిదికల్లా ఫోన్ నా చేతిలో ఉండాలి" అంటే 7:50కి మ్యాచ్ మొదలవుతుంది, 8 గంటలకి మీ ఇంట్లో కురుక్షేత్రం మొదలవుతుంది. మ్యాచ్ అయ్యాక మీరు దగ్గరికెళ్లి "గెలిచావా?" అని అడిగి ఫోన్ తీసుకోండి. ఆ ఒక్క మాటకి ఎంత తేడా వస్తుందో మీరే చూస్తారు.

మైక్‌లో వినిపించే బూతులు వింటే నాకే వణుకొస్తోంది.

నాకూ అంతే. తుపాకీ కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. 11 ఏళ్ల పిల్లాడి చెవిలో ఇయర్‌ఫోన్లు, అవతల పాతికేళ్లవాడు అమ్మనీ అక్కనీ తిడుతూ. ఇయర్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి పక్కగదిలో మనకి ఏమీ వినపడదు, పిల్లాడు మర్యాదగా కూర్చుని ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది.

చిన్నవాళ్లకైతే మొదటి రూల్: ఇయర్‌ఫోన్లు లేకుండా, హాల్లో కూర్చుని, స్పీకర్‌లో ఆడాలి. రెండోది, గేమ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి వాయిస్ చాట్ ఆపేయడమో, తెలిసిన స్నేహితులున్న టీమ్ వరకే ఉంచడమో చేయాలి. చాలా గేమ్‌లలో ఈ వీలుంది. మూడోది, పేరు, స్కూల్, ఊరు, ఫోటో, ఫోన్ నంబర్ ఎవరు అడిగినా చెప్పకూడదు. "డైమండ్లు ఫ్రీగా ఇస్తా, నీ ఐడీ పాస్‌వర్డ్ పంపు" అన్నవాడు దొంగ, "వాట్సాప్‌లోకి రా, విడిగా మాట్లాడుకుందాం" అన్నవాడు ఇంకా పెద్ద ప్రమాదం. ఇలా ఎవరైనా అంటే వెంటనే మీకు చెప్పాలంటే, చెప్పినందుకు ఫోన్ లాగేసుకోరన్న నమ్మకం పిల్లాడికి ఉండాలి. తిడతారనో ఫోన్ పోతుందనో భయపడి దాచిన పిల్లల కథలు నా దగ్గర చాలా ఉన్నాయి.

మా అమ్మాయి ఆడుతుంది. ఆడపిల్లకి వేరే రూల్స్ పెట్టాలా?

ఆడటానికి వేరే రూల్ అక్కర్లేదు. మా అమ్మాయి మావాడి కంటే బాగా ఆడుతుంది. కాకపోతే మైక్‌లో ఆడగొంతు వినపడగానే వెకిలి మాటలు మొదలవుతాయి, ఇది మాత్రం నిజం. పేరులో ఆడపిల్ల అని తెలియకుండా పెట్టుకోవడం, తెలిసిన స్నేహితులతోనే మైక్ వాడటం, వెకిలిగా మాట్లాడినవాణ్ణి బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టడం ఎలాగో ముందే నేర్పండి. ఎవడో తప్పుగా మాట్లాడాడని మీ అమ్మాయి ఆట మాన్పించడం న్యాయం కాదు.

డబ్బు సంగతేంటి? ఫ్రీ గేమ్ అన్నారు కదా?

దించుకోవడం ఫ్రీ. తర్వాత ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, బీజీఎంఐలో యూసీ, రోబ్లాక్స్‌లో రోబక్స్ అని వాళ్ల సొంత నాణేలు ఉంటాయి. రూపాయలిచ్చి అవి కొని, వాటితో బట్టలు, తుపాకీ రంగులు, డ్యాన్సులు కొంటారు. రూపాయి నేరుగా కనిపించదు కాబట్టి ఎంత ఖర్చయిందో పిల్లలకి అర్థం కాదు. ఏం వస్తుందో ముందు చెప్పకుండా డబ్బా తెరిపించే పద్ధతి మరీ అన్యాయం, అది అదృష్టం మీద పందెం కాయడమే.

మా బంధువుల ఇంట్లో ఒక పిల్లాడు తాతయ్య ఫోన్‌లో యూపీఐ పిన్ చూసి గుర్తుపెట్టుకుని, రెండు వారాల్లో పెద్దాయన పెన్షన్‌లో చాలా భాగం ఖర్చుపెట్టేశాడు. వాడికి అది దొంగతనమని తోచలేదు, తాతయ్య కిరాణా కొట్లో ఫోన్ చూపించి సామాను తెస్తాడు, తనూ అదే చేశాడు. కాబట్టి ముందు పని మనదే: పిల్లలు ఆడే ఫోన్‌లో బ్యాంకు యాప్ వద్దు, పిన్ వాళ్ల ముందు కొట్టొద్దు, ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. పండక్కి వచ్చిన డబ్బుల్లో కొంత ఇందులో ఖర్చుపెట్టుకుంటానంటే 14, 15 ఏళ్లవాళ్లకి నేను ఒప్పుకుంటాను, ముందే ఒక అంకె అనుకుని.

ఇంకో మాట. డబ్బు పెట్టి డబ్బు గెలిచే రమ్మీ లాంటివి పూర్తిగా వేరే సంగతి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఆన్‌లైన్ గేమ్‌లని దేశమంతా నిషేధించింది. పిల్లాడి ఫోన్‌లో అలాంటిది కనపడితే అక్కడికక్కడే తీసేయించాల్సిందే.

పబ్‌జీ బ్యాన్ చేశారన్నారు. మరి ఇప్పుడు ఆడేదేంటి?

2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లని ఆపేసింది. కారణం పిల్లలు కాదు, దేశ భద్రత, డేటా బయటికి పోవడం. 2021 జులైలో అదే ఆట మన దేశం కోసం బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఫ్రీ ఫైర్‌ని 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం ఉండిపోయింది.

అంటే "బ్యాన్ ఎత్తేశారు కాబట్టి పిల్లలకి మంచిదే" అనుకోవడానికి ఏమీ లేదు, ఆ నిషేధానికీ వయసుకీ సంబంధమే లేదు. 18 లోపువాళ్లకి రోజుకి 3 గంటల పరిమితి, అమ్మానాన్నల ఫోన్‌కి ఓటీపీ లాంటివి బీజీఎంఐలో పెట్టారు, మంచిదే. కానీ పుట్టిన సంవత్సరం మార్చి కొట్టడం ఏడో తరగతి పిల్లాడికి ఒక పనే కాదు. అలాగే ప్లే స్టోర్ బయట ఎక్కడో దొరికే ఏపీకే అనే యాప్ ఫైళ్లు, "అన్‌లిమిటెడ్ డైమండ్స్" వెర్షన్లు అసలు వేసుకోనివ్వకండి, గేమ్‌తో పాటు ఇంకేం లోపలికి వస్తుందో ఎవరికీ తెలియదు.

జీటీఏ?

18 వరకు వద్దు. పెగీ 18, ఈఎస్ఆర్‌బీ ఎం. "నేను కార్లే నడుపుతాను" అంటాడు. కార్లే నడపాలంటే దానికి వేరే గేమ్‌లు బోలెడున్నాయి.

రోబ్లాక్స్ బొమ్మల గేమే కదా?

రోబ్లాక్స్ ఒక గేమ్ కాదు, అదొక జాతర లాంటిది. లోపల ఆడేవాళ్లే తయారుచేసిన గేమ్‌లు లెక్కలేనన్ని ఉంటాయి. ఒక దాంట్లో పిజ్జా చేస్తారు, పక్క దాంట్లో చీకటిగదిలో కత్తి పట్టుకుని తరుముతారు. అందుకే "రోబ్లాక్స్ ఆడొచ్చా?" అన్న ప్రశ్నకి ఒక్క జవాబు లేదు, దాని లోపల ఏది ఆడుతున్నాడో అడగాలి. మీ అకౌంట్‌ని పిల్లాడి అకౌంట్‌కి జోడించుకుంటే ఏ స్థాయి గేమ్‌లు తెరుచుకోవాలో, ఎవరితో మాట్లాడొచ్చో, ఎంత ఖర్చుపెట్టొచ్చో మీరే పెట్టొచ్చు. జాతరకి పంపినా చెయ్యి పట్టుకునే కదా పంపుతాం.

ఫోన్‌లోనే తాళం వేసే మార్గం ఉందా?

ఉంది. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ కింద పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి పిన్ పెడితే, మీరు చెప్పిన వయసు దాటిన గేమ్‌లు దించుకోవడం కుదరదు. పిల్లలకి సొంత ఫోన్ ఉంటే గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్ వేసుకోండి, ఏ యాప్ వేసుకోవాలన్నా మీ ఫోన్‌కి అడుగుతుంది, రోజుకి ఎంతసేపో, రాత్రి ఎన్నింటికి ఆగాలో కూడా పెట్టొచ్చు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ అని ఉంటుంది. ఆ పిన్ మాత్రం మీ పెళ్లిరోజో, పిల్లాడి పుట్టినరోజో పెట్టకండి, మొదట అవే కొట్టి చూస్తారు.

ఇంట్లో వాళ్ల నాన్నే రాత్రంతా ఆడతారు. ఇంక పిల్లాడికి ఏం చెప్పను?

ఇది చాలామంది తల్లులు మొహమాటపడుతూ అడుగుతారు. పెద్దవాళ్లు ఆడుకోవడం తప్పు కాదు. కానీ అయిదేళ్ల పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని కాల్చే గేమ్ ఆడితే, ఆ పిల్ల కూడా ఆడినట్టే. పిల్లలు పడుకున్నాక ఆడమని చెప్పండి. "నాన్న ఆడుతున్నారు కదా" అని పిల్లాడు అడిగితే, నాన్న బండి కూడా నడుపుతారు, నీకు లైసెన్స్ వచ్చే వయసు వచ్చాక నువ్వూ నడుపుతావు అని చెప్పొచ్చు. నిజానికి ఆడే నాన్నకి ఒక మంచి అవకాశం ఉంది: ఏ గేమ్ ఎలాంటిదో ఇంట్లో అందరికంటే ఆయనకే బాగా తెలుసు, చూసి ఎంపిక చేసే బాధ్యత ఆయనకే అప్పగించండి.

ఇది అలవాటా, జబ్బా? ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది. ఎక్కువసేపు ఆడితేనే జబ్బు అనరు. ఆపుకోలేకపోవడం, చదువు, తిండి, స్నేహాలు అన్నిటికంటే గేమే ముందు రావడం, నష్టం కనిపిస్తున్నా మానలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాది పాటు కనిపిస్తే అంటారు, మరీ తీవ్రంగా ఉంటే అంతకుముందే చెప్తారు. వేసవి సెలవుల్లో రెండు నెలలు తెగ ఆడి, స్కూల్ తెరవగానే మామూలైపోయేవాడు ఇందులోకి రాడు.

స్కూల్ మానేస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా, ఫోన్ తీసుకుంటే చచ్చిపోతానని అంటున్నా ఏడాది ఆగొద్దు. ఆ మాట బెదిరింపు అని కొట్టిపారేయకండి, ఆ రోజే మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో ఫోన్, గేమ్ అలవాట్ల కోసమే షట్ క్లినిక్ అని 2014 నుంచి నడుస్తోంది. ఎవరైనా ఆన్‌లైన్‌లో పిల్లల్ని వేధిస్తే 1098, డబ్బు పోతే 1930.

ఇప్పటికే ఏడాదిగా ఆడుతున్నాడు. ఇప్పుడు చూస్తే వాడి వయసుకి తగింది కాదని తెలిసింది. ఎలా మాన్పించాలి?

రాత్రికి రాత్రి డిలీట్ చేయకండి. ఏడాది పాటు కష్టపడి సంపాదించుకున్న లెవెల్, స్కిన్లు (గేమ్‌లో బొమ్మకి వేసే బట్టలు, రంగులు), ఆ గేమ్‌లో దొరికిన స్నేహితులు, వాడికి అవి నిజమైన ఆస్తి. ముందు "నేను చూడకుండా ఒప్పుకున్నాను, ఆ తప్పు నాది" అని చెప్పండి. నేను మావాడికి ఈ మాట చెప్పినప్పుడు వాడు గొడవకి సిద్ధంగా ఉన్నవాడల్లా ఒక్క నిమిషం ఏం మాట్లాడకుండా ఉండిపోయాడు. తర్వాత ఒక తేదీ అనుకున్నాం, రెండు వారాల తర్వాత శనివారం. అప్పటిదాకా రోజుకి రెండు మ్యాచ్‌లు, తర్వాత ఒకటి. అకౌంట్ తీసేయలేదు, ఐడీ, పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవర్లో పెట్టి, పైన వాడికి 16 నిండే తేదీ వేసి, బీరువాలో నా పట్టుచీరల కింద పెట్టాం. మొదటి వారం రోజూ ఆ కవర్ ఉందో లేదో చూసి వచ్చేవాడు. ఇప్పుడు సాయంత్రాలు వాడూ, పక్కింటి బాబూ మైన్‌క్రాఫ్ట్‌లో కోట కడుతున్నారు, ఎక్కడిదని అడిగితే గోల్కొండ అంటున్నారు.